ఒరిగిన పీటల బట్ట

కుమాసీ నగరంలో కెజేటియా బజారుకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆ గోలకే బిత్తరపోతారు. బిరాగో ఆ పక్క వీధిలోనే పుట్టి పెరిగింది కాబట్టి గోల ఆమె చెవికెక్కదు. ఇరవై రెండేళ్ళ వయసులో, ఫ్యాషన్ మర్చండైజింగ్ కోర్సు పూర్తిచేసి, మెడలో టేపు, చంకలో నోటుపుస్తకంతో అక్కడికి తిరిగొచ్చిన ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టేలా చేసింది ఎనో పొకువా కొట్టు.

బజారంతా ఎనో అని పిలిచే ఆ డెబ్బై ఆరేళ్ళ మనిషి బిరాగోకి అమ్మమ్మ చెల్లెలు. ఆమె కొట్లో నేల నుంచి కప్పు దాకా నాలుగు వందల రకాల అద్దకపు బట్టలున్నాయి. ఒక్కదానికీ నంబరు లేదు, చీటీ లేదు. ఉన్నవల్లా పేర్లే; ఇక్కడి ఆడవాళ్ళు నోటితో అనలేనిది కట్టిన బట్ట పేరుతో అంటారు. 'మామగారి మౌనం'. 'గుర్రాన్ని అమ్మి గొడుగు కొన్నాడు'. 'పక్కింటి పొగ'. ఏ పేరు ఏ సంవత్సరంలో, ఎవరి గొడవలో, ఎవరి నవ్వులో పుట్టిందో ఎనో చెప్పగలదు. చదువు రాదు. రాయదు. అంతా తలలోనే ఉంది.

బిరాగో చేరిన మొదటి వారంలోనే ఒకావిడ విసురుగా వచ్చి 'పక్కింటి పొగ' కావాలంది.

"అది నీకివ్వను," అంది ఎనో, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ.

"డబ్బిచ్చి కొంటానంటే ఇవ్వకపోవడమేంటి?"

"మీ ఆయన చెల్లెలు మంగళవారమే 'నా కుండ నిండింది' పట్టుకెళ్ళింది. ఆదివారం నువ్విది కట్టుకుని చర్చికి పోతే, మీ ఇద్దరి మధ్యా పాస్టరు గారు నలిగి చస్తాడు. ఇదిగో, ఇది తీసుకో. 'ఓపిక ఎముకనైనా ఉడికిస్తుంది'."

ఆవిడ కళ్ళెర్రజేసింది. తర్వాత పెదవి బిగబట్టింది. ఆఖరికి ఆపుకోలేక ఫక్కున నవ్వేసి, ఆ బట్టే కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఎన్ని నెలల ముందు సరుకు చెప్పాలో, ఏ రంగు ఏ ఋతువులో కదులుతుందో, మిగిలిపోయిన సరుకుని ఎలా వదిలించుకోవాలో, అన్నీ బిరాగో నోటుపుస్తకంలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం చూసింది మాత్రం ఏ అధ్యాయం కింద రాయాలో తోచలేదు. పేజీ తెరిచి, తారీఖు వేసి, అలాగే మూసేసింది.

ఆమె అక్కడ చేరింది ఊరికే కాదు. తీరం దగ్గరి ఒక బట్టల మిల్లు, కొనుగోలు విభాగంలో ట్రైనీగా ఒక్కరిని తీసుకుంటానంది. వడపోతలో ఆరుగురు మిగిలారు. ఆరుగురికీ ఒకటే పరీక్ష. మిల్లు కొత్తగా గీయించిన ఇరవై నాలుగు నమూనాల్లోంచి తలొకటి ఎంచుకోవాలి. ఆ నమూనాలో నలభై తానులు ఇస్తారు. అయిదు వారాల పాటు ఏదైనా బజారులో పెట్టి అమ్మించాలి. ఆ తర్వాత మిల్లు అధికారిణి మేడమ్ డెంటా ముందు నిలబడి, ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో చెప్పాలి.

ఈసారి రాకపోతే, మేనమామ చూసిపెట్టిన బ్యాంకు గుమాస్తా పనిలో నోరెత్తకుండా చేరతానని బిరాగో ఇంట్లో మాటిచ్చింది. మేనమామ చెడ్డవాడు కాదు. ఆమె చదువుకి ఖర్చు పెట్టింది ఆయనే. అందుకే ఆ మాట తప్పే ఆలోచన కూడా ఆమెకి లేదు.

నమూనాలన్నీ రెండు రోజులు తిరగేసి ఆమె ఒకటి తీసింది. తెల్లటి నేల మీద ముదురు నీలం బొమ్మలు. చిన్న చిన్న ఒంపు పీటలు, అన్నీ ఒకే పక్కకి ఒరిగి, వరసలు వరసలుగా. దూరం నుంచి చూస్తే గాలికి నీటి మీద లేచిన అలల్లా ఉన్నాయి. తెలుపూ నీలం వచ్చే ఏడాది బాగా నడుస్తాయని ఆమె లెక్కలన్నీ చెబుతున్నాయి. తానులు రాగానే మొదటిది విప్పి ఎనో ఒళ్ళో పరిచింది.

ఎనో కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. ఒక పీట బొమ్మ మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాసింది.

"మంచి బట్ట," అని తిరిగి వేరుశనక్కాయల్లో పడింది.

బిరాగోకి ఆ మాటే చాలు. ఎనో కొట్లో పేరు లేని బట్ట అమ్ముడుపోదని ఆమెకి తెలుసు. అందుకని రాత్రంతా ఆలోచించి, అట్టముక్క మీద అందంగా రాసి తగిలించింది: 'వచ్చి నా పక్కన కూర్చో'. పెళ్ళిళ్ళకి బ్రహ్మాండంగా ఉంటుందనుకుంది. పెళ్ళి బట్టల అరలో, కళ్ళకెదురుగా, దీపం కింద పెట్టింది.

ఎదురు కొట్టు ఆంటీ సెర్వాది. ఆమె దారాలూ గుండీలూ అమ్ముతుంది, ఊరి కబుర్లు ఉచితం. అట్టముక్క చూసి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

"ఎనో! మీ మనవరాలు బిడ్డకి పేరు పెట్టే ఎనిమిదో రోజు రాకముందే బారసాల చేసేసిందే! ఆడపిల్లో మగపిల్లాడో కూడా చూసుకోలా!"

"చదువుకున్న పిల్ల. తొందరెక్కువ," అంది ఎనో.

"ఆంటీ, చూస్తూ ఉండండి. పదిహేను రోజుల్లో ఒక్క గజం మిగలదు," అంది బిరాగో.

"మిగలకూడదనే కోరుకుంటానమ్మా. మిగిలితే నా కిటికీకి తెరలు కుట్టించుకుంటాలే."

వారం గడిచింది. ఒక్క తాను కదల్లేదు. రెండో వారం బిరాగో ఆ బట్టని బొమ్మకి చుట్టి, నడుం దగ్గర కుచ్చిళ్ళు పెట్టి, దారిలో నిలబెట్టింది. జనం ఆగి చూసేవాళ్ళు. దగ్గరికొచ్చి ముట్టుకునేవాళ్ళు. అంతే, పక్క బట్ట వైపు తిరిగేవాళ్ళు. మూడో వారంలో ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చింది. తెలుపూ నీలమే వెతుకుతోంది. బిరాగో బట్ట విప్పి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ మురిపెంగా నిమిరి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, కాలిన పెనం మీద పడ్డట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది పెళ్ళికా?"

"అవునండీ. చూడండి ఎంత చల్లగా..."

"నీకు పెళ్ళయిందా అమ్మా?"

"లేదండీ."

"కాకముందే ఎవరైనా పెద్దవాళ్ళని అడిగి తెలుసుకో తల్లీ," అని ఆవిడ బట్టని మడిచి, కోపంగా కాదు, జాగ్రత్తగా, రెండు చేతులతో తిరిగిచ్చి వెళ్ళిపోయింది. ఆ జాగ్రత్తే బిరాగోకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. బజారు కప్పు మీద చినుకుల మోత. బిరాగో రోజూలాగే కొట్టు సర్దింది. తానులు లోపల పెట్టింది, దీపం తీసేసింది, నేల ఊడ్చింది. ఎనో లేచి భుజాన బట్ట సర్దుకుంటుంటే, ఆమె కూర్చునే చెక్కపీటని పట్టుకుని గోడకి ఆనించి ఒక పక్కకి ఒరగబెట్టింది. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే. కూర్చున్న మనిషి లేచి వెళ్ళాక పీటని నిలబెట్టి వదిలేస్తే, ఖాళీ పీట మీద రాకూడనిది వచ్చి కూర్చుంటుందని అమ్మమ్మ చెప్పేది. ఊపిరి పీల్చుకున్నంత అలవాటు అది. ఎప్పుడూ చూస్తూ చేసింది కాదు.

ఈసారి చెయ్యి పీట మీదే ఉండిపోయింది.

గోడకి ఒరిగిన పీట. తెల్లటి సున్నం గోడ. నీలంగా చీకటి పడుతున్న వెలుగులో దాని ఒంపు, దాని నీడ. బిరాగో మెల్లగా తల తిప్పి అరలోకి చూసింది. అక్కడా అదే పీట. నలభై తానుల్లో వేలకి వేల పీటలు. అన్నీ ఒరిగినవే. అన్నిటి మీంచీ ఎవరో లేచి వెళ్ళిపోయారు.

"అమ్మమ్మా," అంది. "నేను దీన్ని పెళ్ళి బట్టల్లో పెట్టాను."

"పెట్టావు."

"నీకు మొదటి రోజే తెలుసు."

"తెలుసు."

"చెప్పొచ్చు కదా! మూడు వారాలు పోయాయి నాకు!"

ఎనో మళ్ళీ కూర్చోడానికి పీట లేదు. బట్టల మూట మీద చతికిలబడింది.

"చెబితే నా మాట గుర్తుపెట్టుకునేదానివి. ఇప్పుడు పీటని గుర్తుపెట్టుకుంటావు." ఆ పిల్ల మొహం చూసి, గొంతు తగ్గించింది. "నా మొదటి తప్పు తెలుసుకోడానికి నాకు రెండేళ్ళు పట్టిందే. నీకు ఇరవై రెండు రోజులు. ఏడవకు. వాన తగ్గింది, పద. దారిలో వేడి కెలెవెలె, ఆ కారపు అరటిముక్కలు, తిందాం."

బిరాగో అట్టముక్క పీకేసింది. పెళ్ళి అరలోంచి తానులన్నీ మోసుకెళ్ళి వెనక, తెల్లబట్టల పక్కన పెట్టింది. నిండు జీవితం గడిపి వెళ్ళిన పెద్దల ఆదివారపు కృతజ్ఞతారాధనకి జనం వచ్చి కొనే చోటు అది.

"మరి దీని పేరేంటమ్మమ్మా?"

"నన్నడుగుతావేం? దాని ఎనిమిదో రోజు ఇంకా రాలేదు."

ఎనిమిదో రోజే కాదు, ఇంకో పది రోజులు గడిచినా ఏమీ రాలేదు. మేనమామ ఫోను చేసి, బ్యాంకువాళ్ళు అడుగుతున్నారని మెత్తగా చెప్పాడు. సెర్వా వేళాకోళం మానేసింది. అది ఇంకా భయంగా ఉంది. గడువుకి రెండు రోజుల ముందు, పొద్దున్నే, మంపాంగ్ నుంచి అయిదుగురు ఆడవాళ్ళు వచ్చారు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ పేరు టివా. వాళ్ళమ్మ పోయింది. నూట ఒకటో ఏట. అయిదు వారాల్లో కర్మ. ఆదివారానికి వంశం మొత్తానికీ ఒకే బట్ట కావాలి.

ఎనో బిరాగో వైపు చూసింది. "నువ్వు మాట్లాడు," అని వేరుశనక్కాయల చేట దగ్గరికి లాక్కుంది.

బిరాగో నాలుక చివర అమ్మకపు మాటలన్నీ వరసగా నిలబడ్డాయి. ఈ తెలుపు మాయదు. ఈ నీలం వెలిసిపోదు. నలభై తానులూ సిద్ధంగా ఉన్నాయి. నల్లబట్టల్లో, దుమ్ము పట్టిన చెప్పులతో, తెల్లారకముందే బయల్దేరి వచ్చిన ఆ మొహాలు చూసేసరికి ఒక్క మాటా బయటికి రాలేదు. లోపలికెళ్ళి అయిదు గ్లాసుల నీళ్ళు తెచ్చింది. కింద చాప మీద కూర్చుంది.

"మీ అమ్మగారి గురించి చెప్పండి," అంది.

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు.

"ఆవిడా? వాకిట్లో పీటేసుకుని కూర్చునేది, పొద్దున్నుంచీ..."

"బడికెళ్ళే పిల్లలు ఆగి గోళ్ళు చూపించాలి! చూపించకుండా దాటిపోతే వాళ్ళ తాతల దాకా తిట్టేది."

"శుభ్రంగా ఉంటే గుప్పెడు వేరుశనక్కాయలు."

"మురికిగా ఉంటే?" అంది బిరాగో.

"మురికిగా ఉన్నా గుప్పెడే," అంది టివా. "తిట్లు అదనం."

అందరూ నవ్వారు. చేట మీద ఎనో చేతులు ఆగిపోయాయి.

బిరాగో లేచింది. మూడు బట్టలు తెచ్చింది. ఒకటి తెల్లటి నేల మీద నల్ల ఆకులు. ఒకటి బూడిద రంగు చారలు. మూడోది మడత ఒక్కటి మాత్రం విప్పి, ఏమీ అనకుండా టివా ఒళ్ళో పెట్టి వెనక్కి జరిగింది. పొగడలేదు. పేరు చెప్పలేదు. చెప్పడానికి దానికింకా పేరు లేదు.

టివా చూసింది. ఇంకో మడత విప్పింది. ఇంకొకటి. పక్కనున్న చెల్లెళ్ళు ముందుకు వంగారు. దారిలో ఎవరో అరటిపండ్లు కేకేసుకుంటూ పోయారు.

"ఆ రోజు పొద్దున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది," అంది టివా, బట్టతోనే మాట్లాడుతున్నట్టు. "ఏం చెయ్యాలో తెలీక వాకిలి ఊడ్చాను. పీట అక్కడే ఉంది. ముందు రోజు ఆవిణ్ణి బండెక్కించే హడావిడిలో ఒరగబెట్టడం మర్చిపోయాం. ఒరగబెడదామని చెయ్యి వేశాను. ఎండ పడిందేమో మరి." ఆమె అరచెయ్యి ఒక పీట బొమ్మ మీద ఆనింది. "లేచి వెళ్ళింది. పీట ఇంకా వెచ్చగానే ఉంది."

బిరాగో మిగతా రెండు బట్టలూ మడిచి పక్కన పెట్టింది.

ఎదురు కొట్లో సెర్వా నములుతున్నది మానేసింది. గుండీల డబ్బా పక్కన పెట్టి, దారి దాటి వచ్చింది. గ్లాసులో మిగిలిన నీళ్ళలో వేలు ముంచి, బారసాలలో పసిబిడ్డ నాలుక మీద వేసినట్టు, బట్ట అంచు మీద ఒక్క చుక్క వేసింది.

"నీళ్ళంటే నీళ్ళే," అంది, బిడ్డకి నిజం నేర్పుతూ బారసాలలో అనే మాట. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "పేరు వచ్చింది దీనికి."

టివా అప్పుడు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "నలభై ఏం సరిపోతాయమ్మా, మా వాళ్ళెంత మందో నీకు తెలీదు. ఇంకో రెండు వందల తానులు తెప్పించగలవా?" అని అడిగింది.

మేడమ్ డెంటా గదిలో ఏసీ చల్లగా ఉంది. మిగిలిన అయిదుగురి కాగితాల మీద గీతలు మెట్లెక్కినట్టు వారం వారం పైకెక్కాయి. బిరాగో కాగితం మీద గీత ముప్పై రెండు రోజులు నేల మీద పాకి, ముప్పై మూడో రోజున నిట్టనిలువుగా లేచింది.

డెంటా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నెల పైన సున్నా. ఒక్క పొద్దుటే నలభై. పైన రెండు వందలు కావాలని కబురు. పెద్దకర్మల గిరాకీ కోసం అట్టిపెట్టావన్నమాట. తెలివైన ఎత్తే."

తల ఊపితే చాలు. అంత సులువు. బిరాగోకి ఆ పెళ్ళికూతురి తల్లి చేతులు గుర్తొచ్చాయి, బట్టని జాగ్రత్తగా మడిచి ఇచ్చిన చేతులు.

"కాదు మేడమ్. పెళ్ళి బట్టల్లో పెట్టాను. మూడు వారాలు అక్కడే ఉంచాను. నేను అలలు చూశాను. పీటలు చూడలేదు."

"చూడలేదా?"

"రోజూ సాయంత్రం మా అమ్మమ్మ పీటని నేనే ఒరగబెడతాను మేడమ్. అయినా చూడలేదు."

"పేరైనా నీదేనా?"

"నేను పెట్టిన పేరు తప్పు. పీకేశాను. ఇప్పుడున్నది మంపాంగ్‌లో ఒక కూతురు పెట్టింది."

డెంటా కాగితం బల్ల మీద పెట్టింది. గోడకి ఇరవై నాలుగు నమూనాలూ తగిలించి ఉన్నాయి. ఆమె లేచి పీటల నమూనా ముందు నిలబడింది. ఆమె కూడా ఏదో ఊళ్ళో, ఏదో వాకిట్లో, ఎవరో పెద్దావిడ పీట ఒరగబెట్టిన పిల్లే అయ్యుండాలి.

"దీన్ని గీసిన కుర్రాడు ఒంపు బాగుందని గీశాడు. ఒంపు బాగుందని నేను ఒప్పుకున్నాను," అంది. "ఈ గదిలో పద్నాలుగు మందిమి చూశాం." ఇటు తిరిగింది. "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పనిలోకి రా. కానీ ఆ కర్మ జరిగే ఆదివారం మంపాంగ్ వెళ్ళిరా. వెళ్ళి చూడు."

బిరాగో ఎనోని వెంటబెట్టుకుని వెళ్ళింది. ట్రోట్రో వ్యాను కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన కూర్చున్న ఒక వడ్రంగి ఎనోని చూసి, రంపం ఒళ్ళోంచి తీసుకుని లేచి నిలబడ్డాడు. ఊరి మొదట్లోనే డప్పులు వినిపించాయి. చర్చి వెనక మైదానంలోకి మలుపు తిరిగిన బిరాగో, తిరిగినచోటే ఆగిపోయింది.

మైదానమంతా అదే బట్ట. పందిళ్ళ కింద కుర్చీల నిండా అదే. భుజం మీంచి వేసుకున్న మగవాళ్ళ ఒంటి మీద అదే, పాలు తాగే పిల్లల నెత్తి మీద అదే. కుట్టుపనివాళ్ళు ఒక్కొక్కరికి ఒక్కో తీరులో కోశారు. పఫ్ చేతులు, చేపతోక లంగాలు, వెనక ముడులు. ఒక్కటీ ఇంకోదానిలా లేదు, అన్నీ ఒకటే. డప్పు మారినప్పుడు ఆడవాళ్ళు వరసగా లేచి కదిలారు. గాలి నీటి మీద నడిచినట్టు నీలం గీతలు ఈ చివరి నుంచి ఆ చివరికి కదిలాయి. మొదటి రోజు తను చూసిన అలలు అబద్ధం కాదు. వాటికి ఇంత మంది మనుషులు కావాల్సి వచ్చింది, అంతే. ఒక్క ముసలమ్మ లేచి వెళ్ళిన చోటులో ఇన్ని వందల మంది.

నోటుపుస్తకం సంచిలోనే ఉంది. తియ్యాలని తోచలేదు. ఎనో చెయ్యి పట్టుకుంది. యాభై ఏళ్ళుగా బట్టలమ్మిన ఎనో కూడా, ఎప్పుడూ చూడనిదాన్ని చూస్తున్నట్టే చూస్తోంది.

పందిరి అంచున కూర్చున్న ఒక పళ్ళులేని పెద్దావిడ, వీళ్ళు నిలబడి ఉండటం గమనించింది. ఆవిడ ఒంటి మీద బట్ట గంజి పెట్టినట్టు పెళపెళలాడుతోంది.

"ఏం పిల్లా, అలా గుడ్లప్పగించి చూస్తున్నావు? ఈ బట్ట ఎప్పుడూ చూళ్ళేదా?"

బిరాగో ఎనో వైపు చూసింది.

"బస్తీ పిల్లలకేం తెలుస్తుందిలే. దీని పేరు 'పీట ఇంకా వెచ్చగానే ఉంది'. పాతకాలం బట్ట. మా అమ్మమ్మ పెట్టెలో కూడా ఉండేది, మడత మీద మడత. ఇప్పుడు మళ్ళీ తెచ్చారు."

ఎనో మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. అయిదు వారాల క్రితం ఆమె కొట్లో పేరు పెట్టించుకున్న బట్ట, అప్పుడే అమ్మమ్మల పెట్టెల్లోకి వెళ్ళి కూర్చుంది.

"అవునా అమ్మా?" అంది బిరాగో. "మీ అమ్మమ్మ దాన్ని ఎప్పుడు కట్టుకునేదో చెప్పవూ?"

ముసలమ్మ కుర్చీలో కొంచెం ఒదిగింది. పక్కనున్న ఖాళీ కుర్చీ మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అది పెద్ద కథ," అంది. "ఇలా వచ్చి నా పక్కన కూర్చో."